మూడో షెడ్డులో బాదం పప్పు

మధ్యాహ్నం ఒంటిగంట ఇరవైకి సిల్వియా ఆ టర్కీ కోడి పొట్ట కోసింది. ఒంటిగంట ఇరవై అయిదుకల్లా వరదానం దానికి విషం పెట్టలేదని తేలిపోయింది. తేలింది ఆమెకొక్కదానికే, అదే వచ్చిన చిక్కు. సాయంత్రం నాలుగింటికి వరదానాన్ని మేజిస్ట్రేటు గారి ముందు నిలబెడతారు. ఆలోగా గట్టి సాక్ష్యం ఏదీ దొరక్కపోతే హంతకుడన్న ముద్ర వేసి జైలుకి తోలేస్తారు. ఒకసారి లోపలికి పోయిన పేదవాణ్ణి బయటికి లాగడం ఎంత కష్టమో ఆమెకి బాగా తెలుసు.

"ఇలా రండి పద్మనాభం గారూ. దగ్గరికొచ్చి చూడండి. మీ పక్షే కదా."

ఫారం యజమాని పద్మనాభం ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. తాడేపల్లిగూడెంలో ఆయనకి ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టుంది. అమెరికా జాతి టర్కీలు పెంచితే క్రిస్మస్‌కి హోటళ్లవాళ్లు కళ్లకద్దుకుని పట్టుకుపోతారని ఎవరో చెబితే విని, మూడేళ్ల కిందట ముదినేపల్లికీ కైకలూరుకీ మధ్య చేలల్లో మూడు షెడ్లు వేయించాడు. పద్ధతులు కూడా అక్కణ్ణించే తెచ్చుకున్నాడు. గేటు దగ్గర చెప్పులు విడవాలి. ఊదారంగు మందునీళ్ల తొట్టిలో ఉత్తికాళ్లు ముంచాలి. ఆనకే లోపలికి రావాలి.

ఎనిమిది రోజుల్లో నాలుగు వందల పన్నెండు పక్షులు చచ్చాయి. తొమ్మిదో రోజు, అంటే నిన్న మంగళవారం పొద్దున్న ఆరున్నరకి, చచ్చినవాటిని పడేసే గొయ్యిలో వాటి కిందే సూపర్‌వైజర్ పాపారావు శవం కనబడింది. తొడ లోపలివైపు లోతైన గాయం. సాయంత్రం నాలుగింటికల్లా పోలీసులు పక్షుల్ని సాకే వరదానాన్ని పట్టుకుపోయారు. వాళ్లు అల్లిన కథ చిన్నది. క్రిస్మస్‌కి సెలవివ్వలేదన్న కక్షతో వరదానం నీళ్లలో పురుగుమందు కలిపాడు, పాపారావు చూశాడు, సోమవారం సాయంత్రం కొడవలితో పొడిచి గొయ్యిలో పారేశాడు. వినడానికి ఎంత నున్నగా ఉందో.

సిల్వియా పదమూడేళ్లు పశువుల డాక్టరుగా సర్కారు కొలువు చేసింది. తప్పుడు రిపోర్టు మీద సంతకం పెట్టమన్న పై అధికారి బల్ల మీద రాజీనామా పడేసి, ఏలూరులో డిటెక్టివ్ బోర్డు కట్టుకుంది. నిన్న రాత్రి వరదానం పెళ్లాం విక్టోరియా ఫోను చేసి ఏడ్చింది. పక్షుల బీమా కంపెనీవాళ్లు కూడా ఆమెనే చూసి రమ్మన్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ గేటు ఆమెకి తెరుచుకునేది కాదు.

"ఇదిగో, కార్జం." ఆమె దాన్ని చేత్తో పైకెత్తి పట్టుకుంది. రూపాయి బిళ్లలంత గుండ్రటి మచ్చలు. అంచులు ఉబ్బి, నడుమ గుంటలు పడి, పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగు. "ఇవిగో పేగు చివర తిత్తులు. లోపల చూడండి, గట్టిపడ్డ జున్ను ముక్కలా ఎలా ఉందో. రెట్ట చూశారా? పసుపు కలిపినట్టు లేదూ?"

పద్మనాభం మొహం పక్కకి తిప్పేసుకున్నాడు. "అబ్బబ్బ, చాలండీ. చూడలేనండీ."

"నాలుగు వందల పక్షులు ఇలా కుళ్లి చస్తుంటే చూస్తూ ఊరుకున్నారు కదండీ, ఇదొక్కటీ చూడలేరా? విషం తాగితే అన్నీ ఒక్కపూటలో పడిపోతాయి. ఒకరోజు పది, మర్నాడు ముప్ఫై, ఆ మర్నాడు డెబ్బై, ఇలా పెరుక్కుంటూ పోవు. ఇది రోగం. బ్లాక్‌హెడ్ అంటారు. మామూలు కోడికి ఈ రోగం ఒంట్లో ఉన్నా బెంగలేదు, హాయిగా తిరుగుతుంది. ఆ కోడి రెట్ట వేసిన నేల మీద టర్కీ ముక్కు పెట్టిందా, రెండు మూడు వారాల్లో ఇదీ గతి. అందుకే అమెరికాలో టర్కీలు పెంచే రైతు కోడిని దొడ్డి దరిదాపులకి రానివ్వడు. మీరు కూడా గేటు మీద బోర్డు రాయించారు. మరి కోడి ఎక్కణ్ణించి వచ్చిందండీ?"

"కోడా? ఛ, ఛ. మా ఫారంలో ఆ మాటే లేదండీ." పద్మనాభం ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి కాళ్లు చాపుకున్నాడు. కాలిగోళ్లన్నీ ముదురు గోధుమరంగు. గేటు దగ్గరి తొట్టిలో కలిపే పర్మాంగనేటు పని అది, గోళ్లకి పట్టుకుందంటే పది రోజులకి గానీ వదలదు. పొద్దుటినుంచీ నాలుగుసార్లు అందులో దిగిన సిల్వియా గోళ్లు కూడా అప్పుడే రంగు తిరుగుతున్నాయి. "పనివాళ్ల ఇళ్లలో కోడి ఈక కనబడ్డానికి వీల్లేదని ముందే చెప్పేశానండీ నేను. ఆ వరదానమే ఏదో తెచ్చుంటాడు."

ఈ మాటతో ఆమెకి ఒళ్లు మండింది. గంట కిందటే ఈయన వరదానం విషం పెట్టాడన్నాడు. ఇప్పుడు విషం కాదని తేలేసరికి, ఏమాత్రం తడుముకోకుండా, కోడిని కూడా వాడి నెత్తినే పెడుతున్నాడు. వయసులో పెద్దాయన కదా అని నోరు కట్టుకుని, చేతులు కడుక్కుని గేటు వైపు నడిచింది.

విక్టోరియా గేటు బయట రేకు నీడలో గొంతుక్కూర్చుని ఉంది. ఒళ్లో ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. కోర్టుకి వెళ్లేటప్పుడు మొగుడికి తొడగడానికి ముదినేపల్లి నుంచి తెచ్చింది. స్టేషన్లో ఇవ్వనివ్వలేదు.

"విక్టోరియా, ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. మీ ఇంట్లో కోళ్లున్నాయా?"

"లేవండీ. ఆయన ఇక్కడ చేరేటప్పుడే పద్నాలుగు పెట్టల్నీ అమ్మించేశారండీ. పిల్లలు గుడ్లు లేక ఏడ్చారండీ. ఆదివారం కోడికూర కూడా మానేశామండీ, బట్టలకి అంటుకుంటే పక్షులకి పడదని ఆయనే వద్దనేవారు."

"మూడో షెడ్డులో ఏముంది?"

"తెలీదండీ. నవంబరు నెల మొదట్లోనే అందులో పక్షుల్ని రెండో దాంట్లోకి మార్పించేసి తాళం వేశారండీ. తాళంచెవి ఓనరు గారబ్బాయి చిన్నబాబు గారి దగ్గరే. పాపారావు గారూ, ఆయనా, ఇంకెవరో వస్తే వాళ్లూ, అంతేనండీ వెళ్లేది. మా ఆయన్ని ఊక ఎత్తడానిక్కూడా రానిచ్చేవారు కాదండీ. మళ్లీ అందులో పాత ఊకంతా వాళ్లే బయట పోసి, రెండో షెడ్డులో పరవమన్నారంట, ఖర్చు కలిసొస్తుందని."

ఊక. అసలు రోగం అక్కడే ఉంది.

"సోమవారం సాయంత్రం అతనెక్కడున్నాడు?"

"అయిదున్నరకి ఇక్కణ్ణించి వచ్చేశారండీ. ఆరింటి నుంచి ఎనిమిదిన్నర దాకా క్రిస్మస్ కేరల్స్ పాడేవాళ్లతో తిరిగారండీ. డోలకు ఆయనదే. ఇరవై ఇళ్లవాళ్లు చూశారండీ. సీఐ గారికి చెబితే, మీ క్రైస్తవ సంఘం వాళ్లే కదమ్మా, మీకు మీరే సాక్ష్యం చెప్పుకుంటారు, అన్నారండీ."

ఆ మాట సిల్వియా చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఆమెది కూడా ఆ సంఘమే.

*

పద్మనాభం కొడుకు చరణ్‌తేజకి ఇరవై ఏడేళ్లు. తాళంచెవి పోయిందన్నాడు.

"పోతే పోయింది లెండి," అంది సిల్వియా. "మూడో షెడ్డు చూడనివ్వలేదని రాసి బీమా కంపెనీకి పంపేస్తాను."

తండ్రి కొడుకు వంక చూశాడు. కొడుకు జేబులోనే తాళంచెవి దొరికింది. అప్పటికి టైము రెండు గంటల అయిదు నిమిషాలు.

లోపల చీకటిగా ఉంది. గుమ్మం దాటి మూడో అడుగు వేసేసరికి సిల్వియా నుదురు దేనికో ఠంగున కొట్టుకుంది. పక్షులకి నీళ్లందించే ఇనప పైపు. దాన్ని అడ్డంగా, సరిగ్గా మనిషి నుదుటెత్తున వేలాడదీశారు. బొప్పి కట్టింది.

"చెప్పడం మర్చిపోయానండీ," అన్నాడు చరణ్‌తేజ. "కొత్తవాళ్లందరికీ తగులుతుందండీ అది."

ఆమె టార్చి వేసింది. నేలంతా చక్కగా ఊడ్చి, పైన కొత్త ఊక పరిచారు. మరీ చక్కగా. ఎవరూ వాడని షెడ్డుని ఇంత శ్రద్ధగా ఊడ్చేదెవరు? పాదంతో ఊకని పక్కకి నెట్టింది. గోడ వారగా నేలలో బెజ్జం. రెండు గజాల దూరంలో ఇంకోటి, ఆ తర్వాత మరోటి. మొత్తం ఎనిమిది. ప్రతి బెజ్జం చుట్టూ మట్టి గుండ్రంగా, గానుగ దారిలా అరిగిపోయింది. మేకులు పాతి, దేన్నో కాలికి తాడు వేసి కట్టారు. ఒకదానికొకటి అందకుండా కట్టారు, అందితే కొట్టుకు చస్తాయి కాబట్టి.

మూలన ఊక కింద చెయ్యిపెట్టి గుప్పెడు తీసింది. సజ్జలు. వాటి మధ్య తెల్లగా, నానబెట్టి తొక్క తీసిన పప్పు బద్దలు నాలుగు. ముక్కు దగ్గర పెట్టుకుంది. బూజు పట్టాయి గానీ బాదం పప్పే.

"ఇదేంటి బాబూ?"

"బాదమండీ. కాలిఫోర్నియాదండీ. నాన్నగారు కొట్లో అమ్మడానికి తెప్పించారు." చరణ్‌తేజ నవ్వబోయాడు. "టర్కీలకి పెట్టామండీ. అమెరికా పక్షులు కదా, అమెరికా బాదమైతే ఒంటికి పడుతుందని."

"అలాగా. టర్కీలకి తొక్క తీసి మరీ పెట్టారా? పాపం, ఎంత ప్రేమ."

పొద్దున్నా సాయంత్రం బాదం పప్పు తొక్క తీసి, సజ్జలు కలిపి, మటన్ కైమాతో ముద్దలు చేసి ఈ జిల్లాలో ఎవరికి తినిపిస్తారో బడికెళ్లే పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. కన్నబిడ్డకి గుడ్డు కొనలేనివాళ్లున్న ఊళ్లో పందెం కోడికి జరిగే వైభోగం అది. జనవరి పందేల కోసం కోళ్లని దాచడానికి ఇంతకంటే మంచి చోటేముంది? అమెరికా పద్ధతి ఫారం. గేటు దాటి ఎవరూ రారు. లోపలి కోడి కూసినా బయటికి వినబడదు, వెయ్యి టర్కీల గోల. ఆ తెలివికి మురిసిపోయారే గానీ, పక్క షెడ్డులో ఉన్నవి ఈ కోళ్ల రెట్ట తొక్కితేనే చచ్చే పక్షులని ఒక్కరికీ తోచలేదు. తోచినా ఆగేవాళ్లు కారు. కోడి లేని దొడ్డి కూడా ఒక దొడ్డేనా, అనుకునే మనుషులు.

పైపు మొదట్లో, గోడ మీద నడుమెత్తున, సున్నం కొత్తగా పూశారు. గోటితో గీరింది. కింద నల్లగా ఎండిన చారలు. రెట్ట కాదు, తుప్పు కాదు. నెత్తురు, నడుమెత్తుకి చిమ్మింది.

సరిగ్గా రెండూ ఇరవై అయిదుకి బయట జీపు ఆగింది.

*

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సుందరరావు గేటు దగ్గర బూట్లు విప్పలేదు. తొట్టిని ఒక్క అంగలో దాటేసి వచ్చాడు. ఆరడుగుల మనిషి, మాట మాత్రం వెన్న. కేసుల్లో సిల్వియాకి ఇంతకుముందు రెండుసార్లు ఎదురుపడ్డాడు. రెండుసార్లూ ఆమె చెప్పిందంతా తల ఊపుతూ విని, తనకి కావలసిందే రాసుకుని పోయాడు.

"ఏవండీ సిల్వియా గారూ, బావున్నారాండీ? ఈ కంపులో మీకెందుకండీ శ్రమ? మా దగ్గరికొస్తే కాఫీ ఇచ్చి, ఫైలు చూపించేవాణ్ణి కదండీ."

"ఫైల్లో కంపు ఇంతకంటే ఎక్కువని వచ్చాను లెండి."

సుందరరావు మెత్తగా నవ్వాడు. "మీరు ఎప్పుడూ అంతేనండీ." అంటూనే, ఆమె మొహం వంకే చూస్తూ, షెడ్డులోకి అడుగుపెట్టాడు. "అయినా వాడు నేరం ఒప్పేసుకున్నాడండీ. పాపం, పిల్లలు గలవాడు. నాకూ బాధగానే ఉందండీ."

అలా మాట్లాడుతూనే మూడో అడుగు దగ్గర తల వంచాడు. జానెడు కిందకి, మళ్లీ పైకి. మాట ఆగలేదు, చూపు తిరగలేదు. పైపు అతని జుట్టు మీదుగా పోయింది.

సిల్వియా చెయ్యి తెలియకుండానే తన బొప్పి మీదకి వెళ్లింది. అతను చీకట్లో, పైపు వంక చూడకుండా తప్పుకున్నాడు.

"ఈ షెడ్డులోకి ఇంతకుముందెప్పుడైనా వచ్చారా సుందరరావు గారూ?"

"లేదండీ. తాళం వేసి ఉంటుంది కదండీ. అసలు నిన్న పొద్దున్న ఏడున్నరకి ఈ ఫారంలో కాలు పెట్టడమే మొదటిసారి. గొయ్యి దగ్గరే నా పని అయిపోయింది, అట్నించటే వెళ్లిపోయానండీ."

అబద్ధం అంత సులువుగా, తాంబూలం నమిలినంత తీరుబడిగా అతని నోట్లోంచి వచ్చింది. పదమూడేళ్ల కొలువులో ఇలాంటి మెత్తని మాటలు ఎన్ని విందో లెక్క లేదు. తిట్టేవాడి దగ్గర అయినా కూర్చోవచ్చు గానీ, ఈ మర్యాద పక్కన నిలబడాలంటే ఆమెకి రోత. ఆ రోతలోనే ఆమె చేయకూడని పని చేసింది. ఫొటోలు తీసుకుని, నోరు మూసుకుని ఏలూరు వెళ్లి ఎస్పీ గారి ముందు పెట్టవలసినదాన్ని అక్కడే, వాడి మొహాన పడేసింది.

"పాపారావుని ఏ మనిషీ పొడవలేదు," అంది. "కోడి చంపింది."

పద్మనాభం గుమ్మంలో నిలబడిపోయాడు.

"పొద్దున్న ఏలూరులో శవపరీక్ష చేసిన డాక్టరుతో మాట్లాడాను. గాయం మోకాలికి జానెడు పైన. మూడంగుళాల లోతు, అరంగుళం వెడల్పు. పైనుంచి కిందకి కాదు, కింద నుంచి పైకి. కొడవలితో ఎవడండీ నేల మీద కూర్చుని అలా పొడిచేది? కోడి కాలికి కట్టే కత్తి అది. సోమవారం సాయంత్రం ఇక్కడ పందెం కోళ్లని కత్తి కట్టి వదిలి చూశారు. పట్టుకున్నది పాపారావు. ఒక కోడి ఎగిరి తన్నింది, తొడలో పెద్ద నరం తెగింది. నెత్తురు ఆ గోడ మీద సున్నం కింద ఇంకా ఉంది."

"యాక్సిడెంటండీ అది," అన్నాడు చరణ్‌తేజ. గొంతు పిల్లాడిలా అయిపోయింది. "దేవుడి తోడండీ, అప్పటికే చచ్చిపోయాడు అనుకున్నా..."

"చావలేదు." సిల్వియా అతని వైపు తిరిగింది. ఇంక మీరూ గీరూ లేదు. "ముక్కులోనూ గొంతులోనూ, గొయ్యిలో పక్షుల మీద చల్లే ఊక పొట్టు దొరికింది. చచ్చినవాడు ఊక పీల్చడు. గొయ్యిలో పడేసేటప్పటికి ఊపిరి ఆడుతోంది. ఆ కుళ్లిన పక్షుల్ని మీద కప్పాక కూడా పీల్చాడు. ఎంతసేపు పీల్చాడో నీకు తెలుసా? ఆసుపత్రి తొమ్మిది కిలోమీటర్లు. కార్లో పడుకోబెట్టి తీసుకెళ్లుంటే బతికేవాడు. కోళ్ల సంగతి బయటపడుతుందని మనిషిని చెత్తలో పారేశారు. చీ, మీరు తిండే తింటున్నారా?"

చరణ్‌తేజ నేల మీద కూర్చుండిపోయాడు. "తీసుకెళ్దాం అన్నానండీ నేను. వద్దన్నారండీ. నాన్నగారు కాదండీ, నాన్నగారికి తెలీదు..."

"బాబూ," అన్నాడు సుందరరావు. మెత్తగానే అన్నాడు. చరణ్‌తేజ నోరు మూతపడింది.

ఆ ఒక్క పిలుపు చాలు. సిల్వియా ఇన్‌స్పెక్టర్ ఎదురుగా వచ్చి నిలబడింది.

"బూట్లు విప్పండి సుందరరావు గారూ."

"ఏంటండీ?"

"నిన్ననే మొదటిసారి వచ్చానన్నారు. ఇవాళ తొట్టి దూకి వచ్చారు, నిన్నా అలాగే వచ్చుంటారు. ఈ ఫారంలో ఉత్తికాళ్లతో ఎన్నడూ నడవని మనిషి కాలిగోళ్లు తెల్లగా ఉండాలి. ఇవిగో నావి. ఆయనవి చూడండి, ఈ అబ్బాయివి చూడండి. పందెం కోళ్లవాళ్లకి మీకంటే నాకంటే పట్టింపులెక్కువ, కోడి దగ్గరికి బూట్లతో రానివ్వరు. మీవి తెల్లగా ఉంటే చేతులెత్తి దణ్ణం పెట్టి వెళ్లిపోతాను."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అతని కుడికాలు అర అడుగు వెనక్కి జరిగింది. అంతే. పద్మనాభం కూడా చూశాడు. చూసి, కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఈసారి కంపుకి కాదు.

"ఆడవాళ్ల ముందు బూట్లు విప్పడం మర్యాద కాదండీ," అన్నాడు సుందరరావు.

"ఎనిమిది కోళ్లలో మీవెన్ని?"

"మీకు ఆవేశం ఎక్కువండీ. ఏం లాభం చెప్పండి. కోర్టుకి కోళ్లు కావాలండీ, ఎక్కడున్నాయి? గోళ్ల రంగు అంటే జడ్జి గారు నవ్వుతారండీ."

"మీ కేసు చూసి నవ్వుతారు." గెలుపు నోటిదాకా వచ్చేసింది, ఆమె ఆపుకోలేకపోయింది. "ఆ కొడవలి ఆ గాయంలో పట్టదు. డాక్టరు అదే రాస్తున్నాడు. గాయానికి సరిపడే కత్తి మీ దగ్గర లేదు. వరదానం దగ్గర దొరకలేదు. కత్తి లేకుండా మీ కథ నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు నాలుగు నిమిషాలు కూడా నిలబడదు."

సుందరరావు ఆమె మాటలు శ్రద్ధగా విన్నాడు. ఎప్పట్లాగే తల ఊపాడు. తర్వాత ఫోను తీసి, ఆమె ఎదుటే, గొంతు ఏమాత్రం తగ్గించకుండా మాట్లాడాడు.

"ఏమయ్యా, మనవాణ్ణి బండెక్కించారా? మంచిది. కోర్టుకి ఇంకా టైముంది కదా, ముందు కొల్లేటికోట వైపు పోనివ్వండి. కత్తి అక్కడ నీళ్లలో పారేశానని చెప్పాడు వాడు. చూపిస్తాడు. ఆ, ఇందాకే నాతో చెప్పాడులే. పడవ మాట్లాడండి. బేడీలు తీసేయండయ్యా, పాపం, దిగి వెతకాలి కదా. నేను వచ్చేస్తున్నాను."

ఫోను జేబులో పెట్టుకున్నాడు. "మీరన్నది నిజమేనండీ. కత్తి లేకపోతే కేసు నిలబడదు. చెప్పి మంచి పని చేశారు."

నీళ్ల మధ్య పడవ, బేడీలు లేని ముద్దాయి, చుట్టూ అతని మనుషులే. సాయంత్రానికి కాగితం మీద ఏం రాస్తారో సిల్వియాకి చదివినట్టే కనబడింది. పారిపోబోయి నీళ్లలో దూకాడు. చచ్చినవాడు నేరం ఒప్పుకున్నట్టే, కేసు మూసేసినట్టే. ఆ దారి చూపించింది తను. అవతలివాణ్ణి ఛీ కొట్టాలన్న తీపరంతో తన నోటితో తనే చూపించింది. ఇంతసేపూ వాళ్ల మీదున్న అసహ్యం ఇప్పుడు తన మీదికి తిరిగింది.

సుందరరావు పైపు కింద తల వంచి బయటికి నడిచాడు. ఆమె వెనకే పరుగెత్తింది.

గేటు దగ్గర విక్టోరియా నిలబడి ఉంది. ఫోనులో అన్న మాటలు షెడ్డు దాకా వచ్చి, రేకుల అవతల నుంచి విన్నట్టుంది. తెల్ల చొక్కా రెండు చేతులతో పట్టుకుని ఇన్‌స్పెక్టర్‌కి అడ్డం వచ్చింది.

"అయ్యగారూ, నీళ్ల దగ్గరికి తీసుకెళ్తున్నారాండీ ఆయన్ని?"

"అవునమ్మా. చిన్న పనుంది."

"ఆయనకి ఈత రాదండీ. మాది వరి చేల ఊరండీ, కాలవలో కూడా మోకాల్లోతు దిగేవారు కాదు. మీ వాళ్లకి కాస్త చెప్పండయ్యగారూ, లోతుకి దింపొద్దని. ఈ చొక్కా కూడా ఇస్తారాండీ? తడిసిన బట్టలతో కోర్టుకెళ్తే బావుండదు."

సుందరరావు చొక్కా అందుకున్నాడు. మడత నలక్కుండా మోచేతి మీద వేసుకున్నాడు.

"అలాగేనమ్మా. నేను దగ్గరుండి చూసుకుంటాను, నువ్వు బెంగ పెట్టుకోకు."

జీపు కదిలింది. రెండు గంటల యాభై ఒకటి. స్టేషన్ బండి అప్పటికే బయల్దేరింది, దానికి పది నిమిషాల ముందంజ ఉంది. సిల్వియా ఒక చేత్తో కారు తాళం కోసం వెతుకుతూ, రెండో చేత్తో ఎస్పీ గారి నంబరు నొక్కింది. రింగవుతోంది, ఎవరూ ఎత్తడం లేదు.

విక్టోరియా జీపు పోయిన వైపే చూస్తూ, పొద్దుటినుంచీ మొదటిసారి, కళ్లు తుడుచుకుని కొంచెం తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

"మంచాయనేనండీ ఈ సీఐ గారు," అంది. "చెప్పగానే విన్నారు."